పేరులోని పైడి : ఖనిజాన్వేషణ పదజాలముపై ఒక విమర్శ

బెంగుళూరు నుండి జోలార్‌పేటకు పోవు రైలుమార్గమున మాలూరు దాటిన పిమ్మట బంగారుపేట వచ్చును. అచ్చట దిగి శాఖామార్గమున పోయినచో కోలారు బంగారు గనుల ప్రాంతమును చేరవచ్చును. తెలుగు తెలిసిన ప్రయాణికుడు ఆ స్టేషను పేరు చదివి, బంగారము దొరకిన చోటు కావుననే దీనికి బంగారుపేట యని పేరు వచ్చినదని నిశ్చయించుకొనుట సహజము. కాని ఆ యూరి పూర్వనామము బౌరింగ్‌పేట. 1862 నుండి 1870 వరకు మైసూరు కమీషనరుగా నుండిన లెవిన్ బెంథాం బౌరింగ్ పేర అది వెలసినది. పేరు పుట్టుకలో బంగారమునకు చోటు లేదు. గనుల సామీప్యము వలన గాబోలు, దొరపేరు కాలక్రమమున పైడిపేరైనది.

ఈ చిన్న యుదాహరణము ఒక పెద్ద ప్రశ్నను లేవనెత్తుచున్నది. భూమిలోని ధాతువును వెదకువానికి భాష యెంతవరకు సాక్షి? ఈ విషయమున రెండు పక్షములు కలవు. పదములు అంటించిన చీటీల వంటివి, వానితో శాస్త్రమునకు పని లేదనునది ఒకటి. ప్రతి గ్రామనామమును పూర్వులు వ్రాసియుంచిన గనుల పటమే యనునది రెండవది. ఈ రెండును అతివాదములే. కోలారు సీమలోని గనుల వృత్తాంతమును, తెలుగుదేశమందలి కొన్ని స్థలనామములను, బంగారము రాగి దొరకు శిలలలో ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'స్కార్న్' అను పేరును వరుసగా పరీక్షించి, పదమునకు ఈయవలసిన విలువ యెంతయో నిర్ణయించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. కనుగొనుట

కోలారు గనుల చరిత్రను సాధారణముగ 1802తో ప్రారంభింతురు. ఆ కాలమున లెఫ్టినెంటు జాన్ వారెన్ మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును కొలుచుచు ఈ సీమకు వచ్చెను. ఇచ్చట బంగారము కలదను వదంతి విని, దానిని చూపినవారికి బహుమాన మిత్తునని ప్రకటించెను. గ్రామస్థులు మన్ను తెచ్చి అతని యెదుటనే కడిగి పసిడి రేణువులను చూపిరి. మారికుప్పము వద్ద పనివారు గోతులలో దిగి రాయి తీయుటయు, స్త్రీలు దానిని బండపై పొడిచేసి నీట కడుగుటయు అతని వృత్తాంతమున కలవు.

సుమారు 70 సంవత్సరములు గడచిన పిమ్మట, న్యూజీలండు యుద్ధములలో పనిచేసి బెంగుళూరున స్థిరపడిన లావెల్ అను ఐరిషు సైనికుడు ఆ వృత్తాంతమును చదివి, 1871లో ఎడ్లబండిపై బయలుదేరి వచ్చెను. 1873లో ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొని, 1875లో త్రవ్వుటకు హక్కు సంపాదించెను. ధనము చాలక ఆ హక్కును ఇతరులకు వదలుకొనెను. 1880లో జాన్ టేలర్ సంస్థ రంగమున ప్రవేశించెను. తొలి యేండ్లు నష్టములే మిగిలినవి. తుదకు 1884 ప్రాంతమున, మైసూరు గనిలో కెప్టెన్ ప్లమ్మర్ పూర్వులు విడిచిన గోతుల జాడ ననుసరించి క్రిందికి పోయి, ఛాంపియన్ రీఫు అను పేర ప్రసిద్ధికెక్కిన గొప్ప బంగారు తీగను పట్టుకొనెను.

ఈ కథ చెప్పువారు 'కనుగొనిరి' అను క్రియను వాడునపుడెల్ల దాని కర్తలు దొరలే. ఇచ్చట విమర్శ అవసరము. వారెన్ చూచినది పనిలోనున్న గనికార్మికులను. లావెల్ చదివినది వారెన్ వ్రాతను. ప్లమ్మర్ అనుసరించినది పాత గోతులను. తెలుగున 'కనుగొనుట' యను మాటలో రెండు పనులు కలవు: కనుట యొకటి, కొనుట యొకటి. మారికుప్పపు పనివారు కనిరి, కంపెనీలు కొనినవి. చరిత్రకారులు కొనినవారి పేర్లు మాత్రము నిలిపిరి.

అయినను న్యాయము రెండు వైపుల చూడవలయును. పూర్వులు నీరు ఊరు లోతు వరకే పోగలిగిరి. ఆ నీటిని తోడు యంత్రములును, రాతిని పగులగొట్టు మందుగుండును, పొడిలోని సూక్ష్మ స్వర్ణమును కరగదీయు సయనైడు పద్ధతియు, 1902లో శివసముద్రము నుండి వచ్చిన విద్యుచ్ఛక్తియు లేకున్నచో, ఛాంపియన్ రీఫు గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగియుండెడిది కాదు. ఈ గనులు మొత్తమున సుమారు 800 టన్నుల బంగారము నిచ్చియుండెడివి కావు. కావున గుర్తును చూపినది స్థానికుల యెరుక, లోతును సాధించినది పాశ్చాత్య యంత్రవిద్య. ఒకదానిని పొగడుటకై రెండవదానిని మరుగుపరచుట విమర్శ కాదు.

2. గుర్తులు, వాని పేర్లు

స్థానికుల యెరుక గాలిలో పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గనుల అధ్యక్షుని విధులు చెప్పిన అధ్యాయమున పాడుపడిన గనిని గుర్తించు విధము కలదు. లోహపు మడ్డి, మూసలు, బొగ్గు, బూడిద కనబడిన చోట పూర్వము గని యుండెనని తెలిసికొనవలయునని దాని సారాంశము. క్రొత్త గనికి రాతి బరువును, రంగును, వాసనను, రుచిని పరీక్షింపుమని చెప్పినాడు. ఆ గ్రంథమును మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున గుర్తించి 1909లో ప్రకటించినవారు ఆర్. శామశాస్త్రిగారు. ఆ కాలముననే అదే రాజ్యమున కోలారు గనులు ముమ్మరముగ సాగుచుండినవి. ప్రాచీనుల అన్వేషణ విధియు, ఆధునికుల త్రవ్వకమును ఒకే రాజ్యమున ఒకే తరమువారి కన్నుల యెదుట నుండెను.

తెలుగు పల్లెలలోను ఇట్టి గుర్తులకు పేర్లు కలవు. ఇనుము కరగించిన చోట మిగిలిన మడ్డి 'చిట్టెము'. కోలారున బంగారమునకు ఆశ్రయమైన తెల్లని గట్టి రాయి 'పలుగురాయి'. రాగి గాలికి నీటికి మారి పైకి తేలు పచ్చని పూత 'చిలుము'. ఇంట రాగిచెంబుపై చిలుమును చూచిన గృహిణి, కొండరాతిపై అట్టి పచ్చదనము కనబడినచో రాగిని శంకింపగలదు. భూవిజ్ఞానియు మొదట చూచునది ఆ మరకనే. మేలిమిని తెలుపు 'వన్నె', దానిని పరీక్షించు 'గీటురాయి' కంసాలి వాడుకలోనివి.

వీనిలోనెల్ల గొప్ప మాట 'కాకిబంగారము'. ఎండలో పసిడివలె మెరయు అభ్రకపు రేకులకు తెలుగువారు పెట్టిన పేరది. మెరుపును ఒప్పుకొని విలువను నిరాకరించిన ఈ ఒక్క మాటలో అన్వేషకునికి కావలసిన తొలి హెచ్చరిక యిమిడియున్నది. ఇట్టి పదములు పరిశీలనము నుండి పుట్టినవి. వీనికి సాక్ష్యపు విలువ కలదు.

3. స్థలనామముల పరీక్ష

ఊరిపేర్ల స్థితి వేరు. కర్నూలు జిల్లా జొన్నగిరి యుదాహరణము. ఆ ప్రాంతమున పూర్వపు బంగారు త్రవ్వకముల జాడలు కలవు. సమీపమున ఎర్రగుడి వద్ద అశోకుని శాసనములు 1929లో వెలుగులోనికి వచ్చినవి. వానిని గుర్తించినవాడు భూవిజ్ఞాని యగుట గమనింపదగినది. బ్రహ్మగిరి, సిద్దాపురముల శాసనములలో పేర్కొనబడిన సువర్ణగిరియే జొన్నగిరి యని కొందరు పండితులు తలచిరి. 'స్వర్ణ' శబ్దము 'సొన్న'యై 'జొన్న'యైన దని వారి యూహ. ఇతరులు కనకగిరిని, మస్కిని చూపిరి. జొన్నగిరిలో బంగారముండుట సత్యము. పేరు దానివలన వచ్చినదనుట ఊహ. జొన్నచేల వలన ఆ పేరు రాకూడదనుటకు హేతువు లేదు. నేలలోని ధాతువును చూపి పేరునకు వ్యుత్పత్తి చెప్పి, మరల ఆ వ్యుత్పత్తిని చూపి ధాతువును నిరూపించుట గుండ్రముగ తిరుగుటయే.

పల్నాటి సీమలోని అగ్నిగుండాల మరియొకటి. ఆ ప్రాంతమున నల్లకొండ, ధుకొండలలో రాగియు, బండ్లమోటు వద్ద సీసమును కలవు. పూర్వపు త్రవ్వకపు గుంటలును కలవు. లోహము కరగించిన కొలుముల వలన అగ్నిగుండాల యను పేరు వచ్చినదని చెప్పుట మనోహరముగ నుండును. కాని వీరభద్రుని సంబరములలోను, పీర్ల పండుగలోను గుండము త్రొక్కుట తెలుగునాట ప్రసిద్ధము. ఆ ఆచారము వలన వచ్చిన పేరు కాదని యెవరు చెప్పగలరు? గుంటలు సాక్ష్యము; పేరు కేవలము ప్రశ్న.

ఈ చిక్కు తెలుగునకు మాత్రమే కలిగినది కాదు. కెనడా దేశపు బ్రిటిషు కొలంబియాలో హెడ్లీ వద్ద 1898లో హక్కు పెట్టిన 'నికెల్ ప్లేట్' గనియందు దొరకినది నికెలు కాదు, బంగారము. న్యూగినీ దీవి పడమటి భాగమున జీన్ జాక్ డోజీ అను డచ్చి భూవిజ్ఞాని 1936లో ఒక నల్లని కొండను చూచి దానికి 'ఎర్ట్స్‌బెర్గ్' అని పేరు పెట్టెను. ఖనిజపుకొండ యని దాని యర్థము. ఆ పేరు నిజమే యైనది. 1970ల నుండి అందు రాగి బంగారములు తీసిరి. కాని దాని ప్రక్కనే 'గ్రాస్‌బెర్గ్' అను కొండ కలదు. గడ్డికొండ యని దాని యర్థము. 1988లో రంధ్రములు వేసి పరీక్షింపగా ఖనిజపుకొండ కంటె గడ్డికొండయే యెన్నో మడుగులు సంపన్నమైనదని తేలెను. నేడది లోకమునందలి మహా స్వర్ణ తామ్ర నిక్షేపములలో ఒకటి. పేరు చూచి ఆగినవాడు గడ్డికొండను విడిచిపెట్టియుండును.

4. స్కార్న్

ఎర్ట్స్‌బెర్గ్, హెడ్లీ గనుల శిల 'స్కార్న్' అను జాతికి చెందినది. ఆ పదము స్వీడను దేశపు గనికార్మికులది. పెర్ష్‌బెర్గ్ ఇనుప గనులలో ధాతువుతో కలిసివచ్చు పనికిరాని రాతిని వారట్లు పిలిచెడివారు. 1875లో టోర్నెబోమ్ అను శాస్త్రజ్ఞుడు దానిని గ్రంథమునకెక్కించెను. పారవేయు రాతికి పనివారు పెట్టిన మాట నేడు ప్రపంచ భూవిజ్ఞానమున బంగారమునకును రాగికిని దారిచూపు మాటయైనది. విద్వాంసులు దానిని మార్చి లాటిను పేరు పెట్టవలెనని పట్టుపట్టలేదు. ఇది తెలుగువారు గుర్తుంచుకొనదగిన విషయము.

ఆ శిల పుట్టుక యిట్టిది. భూగర్భము నుండి కరగిన గ్రానైటు ద్రవము పైకి చొచ్చుకొని వచ్చి సున్నపురాతి పొరను తాకును. మొదట వేడికి సున్నపురాయి చలువరాయిగా మారును. పిమ్మట ఆ ద్రవము నుండి వెలువడిన కాగిన జలము సిలికాను, ఇనుమును, రాగిని, బంగారమును మోసికొని సున్నపురాతిలోనికి దిగును. సున్నపురాయి ఆ పదార్థములను గ్రహించి, తనలోని బొగ్గుపులుసు వాయువును విడుచును. సున్నమును సిలికాయును కలిసి గార్నెట్టు, పైరాక్సీను మున్నగు క్రొత్త ఖనిజములగును. తుదకు చల్లారునపుడు గంధకముతో కూడిన లోహఖనిజములు సందులలో పేరుకొనును. ఈ గార్నెట్టు తెలుగువారికి పరాయిది కాదు. నవరత్నములలోని గోమేధికముగ నేడు వాడుకలోనున్నది సున్నముతో కూడిన గార్నెట్టే. స్కార్న్ శిలలో మెండుగ నుండునదియు ఆ జాతియే.

వెదకువానికి ఈ శిల ఒక క్రమమును చూపును. సాధారణముగ గ్రానైటుకు దగ్గరగ గార్నెట్టు, దానికి దూరమున పైరాక్సీను, అంచున చలువరాయి యుండును. రాగి తరచుగ గార్నెట్టు వలయమున నుండి, చిలుము వలన కంటబడును. బంగారము పలుచోట్ల ఇంకను వెలుపలి పైరాక్సీను భాగమున, పాషాణముతో కూడిన ఖనిజముల నడుమ, కంటికి కానరాని సూక్ష్మరేణువులుగా నుండును. అమెరికాలోని నెవాడాలో ఫార్టిట్యూడ్ అను గని ఇట్లే రాగి గనులకు వెలుపలివైపున బయటపడినది. కావున అన్వేషకులు మట్టిలో పాషాణము, బిస్మతు పాళ్లను కొలుతురు. అయస్కాంత యంత్రములతో నేలను పరీక్షింతురు. ఆ పిమ్మట రంధ్రములు వేసి రాతికడ్డీలను వెలికితీసి చూతురు. రాగికి చిలుము సాక్షి. బంగారమునకు ఇచ్చట పైకి కనబడు సాక్షి లేదు.

కోలారు శిల స్కార్న్ కాదు. అది సుమారు 270 కోట్ల సంవత్సరముల నాటి అగ్నిపర్వత శిలలు మారగా ఏర్పడిన నల్లని శిలామేఖల. ఉత్తర దక్షిణములుగ సాగి చిత్తూరు సీమలోని చిగురుగుంట, బిసనత్తముల వైపు పోవును. అందలి పగుళ్లలో పలుగురాతి తీగలుగా బంగారము చేరినది. గ్రానైటు తాకి మార్చుటకు తగిన సున్నపురాతి పొర ఇచ్చట లేదు. అయినను తీగల ప్రక్కన డయాప్సైడు అను పైరాక్సీనును, గనుల వ్యర్థపు దిబ్బలలో షీలైటు అను టంగ్‌స్టను ఖనిజమును కలవు. రెండును స్కార్న్ శిలలలోను కనబడునవే. వానిని మాత్రము చూచి కోలారును స్కార్న్ అనుట, బంగారుపేటను చూచి బౌరింగును మరచుట వంటిదే. ఒక శిల పేరు అందలి ఖనిజముల పట్టికను బట్టి గాక, అది పుట్టిన విధమును బట్టి నిర్ణయింపబడవలయును. తెలుగుదేశమున ఈ ప్రశ్న అడుగదగిన చోటు అగ్నిగుండాల. అచ్చట డోలమైటు సున్నపు పొరలును, వెల్లటూరు గ్రానైటును పొరుగున నున్నవి. కాని ఆ లోహము శిలాస్తరముల ననుసరించి యున్నందున అది నిక్షేపకాలముననే చేరినదని పలువురు భావించిరి. పొరుగుతనము మాత్రమే చుట్టరికము కాదు.

5. తెలుగున ఏమందుము?

ఈ శిలను తెలుగున నేమని చెప్పవలెను? సంస్కృత సమాస పద్ధతిన 'సంస్పర్శ రూపాంతర శిల' యనవచ్చును. వినుటకు గంభీరమే. దేశభాషలన్నిటను ఒకే పద్ధతి నడచునను లాభమును కలదు. కాని ఇందు రెండు లోపములు కలవు. మొదటిది, విద్యార్థి దానిని కంఠస్థము చేయును గాని దానివలన రాతిని గుర్తింపలేడు. రెండవది మరింత తీవ్రమైనది. ఆ పదము స్పర్శను, రూపమార్పును మాత్రమే చెప్పుచున్నది; ఇచ్చి పుచ్చుకొనుటను చెప్పుట లేదు. స్కార్న్ తత్త్వమంతయు ఆ యిచ్చిపుచ్చుకొనుటలోనే యున్నది.

ఈ భేదమును మాలూరి బాలునకు చెప్పుట కష్టము కాదు. పెంకుల బట్టీలో మన్ను కాలి గట్టిపడును. వేడి మార్చినది గాని, బయటినుండి క్రొత్త పదార్థము వచ్చి చేరలేదు. ఇది రూపాంతరము. అతని యింట జాడీలో మామిడిముక్క వేరొక విధమున మారును. అది ఉప్పును కారమును పీల్చుకొని, తన నీటిని విడుచును. పదిదినములకు ముక్క ముక్కగనే యుండును గాని, దానిలోని పదార్థము మునుపటిది కాదు. ఈ క్రియకు తెలుగున 'ఊరుట' యని సహజమైన పేరు కలదు. గ్రానైటు వేడికి కేవలము చలువరాయియైనది కాలినరాయి. దాని జలమును పీల్చి స్కార్న్ అయినది ఊరినరాయి. పెద్ద సమాసము చెప్పలేని భేదమును రెండు చిన్న మాటలు చెప్పుచున్నవి.

ఊరుటలో వేడి లేదు కదా, ఆవకాయతో శిలను పోల్చుట శాస్త్రగౌరవమునకు తగునా యని ఆక్షేపింపవచ్చును. మొదటి ఆక్షేపణ సత్యమే; అందుకై 'కాగి ఊరినరాయి' యనవచ్చును. రెండవదానికి స్వీడను పనివారే సమాధానము. చెత్తరాతికి పెట్టిన పేరు శాస్త్రమునకు అగౌరవము కానపుడు, ఇంటింటి జాడీలోని క్రియ అగౌరవ మెట్లగును? అయితే అంతర్జాతీయ వ్యవహారమునకు స్కార్న్ అను పేరును తెలుగు లిపిలో అట్లే ఉంచుకొనుట మేలు. దాని ప్రక్క వివరణముగ ఈ తెలుగు మాట యుండవలయును. 1906లో విజ్ఞానచంద్రికా మండలి నెలకొల్పబడిన నాటి నుండియు, 1968లో తెలుగు అకాడమి యేర్పడిన పిమ్మటను, శాస్త్రమును తెలుగున చెప్పుటకై జరిగిన కృషి గొప్పది. ఆ కృషికి బట్టీ, జాడీ, గని యిచ్చిన పదములు కూడ తోడగుట అవసరము.

6. మిగిలిన దిబ్బలు

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల నుండి వచ్చి తరతరములుగ అందు శ్రమించిన కుటుంబములకు పని పోయినది. భూమిపై మిగిలినవి సయనైడు దిబ్బలు. ఆ దిబ్బలలోని కొద్దిపాటి బంగారమును తీయు ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గము అంగీకరించెను. ఒకనాడు పారవేసిన పొడిలో విలువ కలదని ప్రభుత్వము గ్రహించినది.

పారవేసిన మాటలకును అట్టి విలువ కలదు. గనిలో దిగిన తరమువారు వృద్ధులగుచున్నారు. తెలుగు, తమిళము, కన్నడము, ఇంగ్లీషు కలిసిన వారి పలుకుబడిలో రాతి రంగునకు, పగులునకు, చప్పుడునకు, పైకప్పు కదలికకు పేర్లుండెను. రాతి చప్పుడును తెలిసికొనుట అచ్చట ప్రాణముతోడి పని; నేల పీడనము వలన రాయి హఠాత్తుగ పగిలి ప్రాణములు తీసిన గనులవి. ఆ మాటలను సేకరించు పదకోశమొకటి నేడు సిద్ధము కాకున్నచో రేపు సిద్ధము చేయుటకు చెప్పువారుండరు. మైనారిటీ భాషగా తెలుగు నేర్చుకొను ఈ జిల్లా బాలురకు పాఠ్యపుస్తకము గోదావరిని, కృష్ణను నేర్పుచున్నది. అది కావలసినదే. కాని తమ కాళ్లక్రింద నున్న శిలను తమ భాషలో చెప్పలేని బాలునకు ఆ భాష పరీక్షకు మాత్రమే పనికివచ్చునదిగ తోచును.

ఇంతవరకు చేసిన పరీక్షవలన తేలిన దొక్కటి. పరిశీలనము నుండి పుట్టిన పదము సాక్షి. ఊహ నుండి పుట్టిన వ్యుత్పత్తి వదంతి. చిలుము, పలుగురాయి, కాకిబంగారము మొదటి జాతివి. బంగారుపేట, జొన్నగిరి, అగ్నిగుండాలలు రెండవదానికి త్రోవ తీయగలవు. మొదటివానిని కాపాడుట, రెండవవానిని గీటురాతిపై గీచి చూచుట భాషాభిమానుల విధి. వారెన్ యెదుట మన్ను కడిగినవారు వదంతిని చూపి బహుమానము అడుగలేదు, రేణువులను చూపిరి. పదమును గూర్చి మాటలాడువారును అట్లే చేయుట న్యాయము.